వాగు కింద వాగు

ఈ వారం చేపల గురించి మాట్లాడుకుందాం. పులుసు సంగతి ఇంకోసారి చూసుకుందాం గాని, ఇవాళ ఏట్లో బతికే చేప సంగతి. చేప బతకటానికి ఏట్లో నీళ్ళుంటే సరిపోతుందని అనుకుంటాం. ఏటి అడుగున, ఏటి పక్కన, నేలలో దాగిన నీళ్ళు కూడా ఉండాలి. కంటికి కనపడని ఆ నీళ్ళే చేపకి ఎండాకాలంలో చలువ పందిరి, చలికాలంలో కంబళి, దాని గుడ్లకి పురిటిల్లు. ఈ మాట వివరంగా చెప్పటానికి మన మిడ్‌వెస్ట్‌లోనే ఉన్న ఒక చిన్న వాగు కథ ఎంచుకున్నాను.

మేడిసన్ నుంచి ఇంటర్‌స్టేట్ 39 మీద ఉత్తరంగా వెడితే రెండు గంటల లోపు ప్లోవర్ అనే ఊరు వస్తుంది. స్టీవెన్స్ పాయింట్‌కి పక్కనే. అక్కడ లిటిల్ ప్లోవర్ రివర్ అని ఒకటి పారుతూ ఉంటుంది. పేరుకి రివరే గాని మన లెక్కలో అది వాగు. పొడుగు ఆరు మైళ్ళు. చివరికి వెళ్ళి విస్కాన్సిన్ నదిలో కలుస్తుంది. వాగు చిన్నదే అయినా బ్రూక్ ట్రౌట్ అనే చేపకి ఎన్నో తరాలుగా మంచి కాపురం అని పేరు. ఆ చేప ఈ గడ్డ మీద పుట్టినదే, ఎవరో తెచ్చి వదిలినది కాదు. అలాంటి వాగు 2005 వేసవిలో కొంతమేర పూర్తిగా ఎండిపోయింది. చేపలు ఇసకలో చచ్చి పడ్డాయి. ఆ ఏడుతో ఆగలేదు. 2009 దాకా ఏటా ఎక్కడో ఒకచోట ఎండుతూనే వచ్చింది.

ఆ వాగుకి అడ్డంగా ఎవరూ కొత్త ఆనకట్ట కట్టలేదు. కాలవ తవ్వి పక్కకి మళ్ళించలేదు. మరి నీళ్ళు ఎటు పోయాయి?

జవాబు తెలియాలంటే ముందు చెలమ గుర్తు తెచ్చుకోవాలి. మన ఊళ్ళలో ఎండాకాలం వాగు ఎండిపోయాక ఆడవాళ్ళు బిందెలు తీసుకెళ్ళి ఇసకలో చేత్తో గుంట తీసేవారు. కాసేపటికి తేట నీరు ఊరేది. కొబ్బరిచిప్పతో తోడి బిందె నింపుకునేవారు. ఈ పద్ధతి ఎరిగినవాళ్ళకి కొత్తగా చెప్పాల్సింది పెద్దగా లేదు. పైన వాగు ఆగిపోయినా ఇసక లోపల ఇంకో వాగు నెమ్మదిగా నడుస్తూనే ఉంటుంది. పైన పారేదీ, కిందా పక్కనా దాగినదీ, రెండూ ఒకటే నీరు. నేలలో నీటిమట్టం ఏటి అడుగు కంటే ఎత్తున ఉంటే నేల నుంచి ఏట్లోకి ఊట దిగుతుంది. నీటిమట్టం దిగజారితే ఏట్లో నీళ్ళే నేలలోకి ఇంకిపోతాయి. ఒకే వాగు ఒక మలుపు దగ్గర ఊటని పుచ్చుకుంటుంది, ఇంకో మలుపు దగ్గర పోగొట్టుకుంటుంది.

వాన పడి నెల దాటినా కొన్ని వాగులు పారుతూనే ఉంటాయి. ఎందుకంటే అప్పుడు పారేది వాన నీరు కాదు, ఊట నీరు. ప్లోవర్ చుట్టుపక్కల నేల అంతా మంచుయుగంలో హిమానీనదాలు కరిగి వదిలిపెట్టిన ఇసక, గులకరాళ్ళు. ఆ ప్రాంతాన్ని సెంట్రల్ సాండ్స్ అంటారు. వాన పడితే మీద పారకుండా చాలాభాగం చప్పున లోపలికి ఇంకుతుంది. ఆ ఇసక పొరలు పెద్ద తొట్టిలా నీళ్ళు దాచుకుని ఏడాది పొడుగునా వాగులకి కొంచెం కొంచెంగా వదులుతూ ఉంటాయి. అందుకే అక్కడి వాగులకి పెద్ద వరదలూ తక్కువే, ఎద్దడీ తక్కువే. చేపకి కావలసిందీ ఈ నిలకడే.

ఇక ఈ ఊట చేపకి ఏమేం చేస్తుందో ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది వేడి, చలి. ధనుర్మాసంలో తెల్లవారుజామున బావి దగ్గర స్నానం చేసినవాళ్ళకి తెలుసు. గాలి చల్లగా ఉంటే తోడిన నీళ్ళు గోరువెచ్చగా ఉండేవి, పైన పలచగా పొగ లేచేది. రోహిణి కార్తెలో అదే బావి నీళ్ళు చల్లగా తగిలేవి. నిజానికి ఆ నీళ్ళ వేడి ఏడాదంతా పెద్దగా మారదు, మారేది మన ఒళ్ళూ గాలీ. నేలలో కొంత లోతుకి వెడితే అక్కడి వేడి ఆ ప్రాంతపు ఏడాది సగటుకి దగ్గరగా స్థిరంగా ఉంటుంది. విస్కాన్సిన్‌లో అది 50 డిగ్రీల ఫారన్‌హైట్‌కి కాస్త అటూ ఇటూ. జూలైలో గాలి 90 అయినా, జనవరిలో సున్నాకి 20 డిగ్రీలు దిగువన ఉన్నా, ఊట మాత్రం ఆ 50 దగ్గరే ఉంటుంది.

బ్రూక్ ట్రౌట్‌కి 50 నుంచి 65 డిగ్రీల నీళ్ళు హాయి. 77 దాటి కొన్నాళ్ళు అలాగే ఉంటే బతకటం కష్టం. వేడితో పాటు ఇంకో చిక్కు కూడా ఉంది. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది. 50 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 11 మిల్లీగ్రాములు కరిగితే 77 దగ్గర సుమారు 8 మాత్రమే. వేడికి చేప ఒంట్లో ఖర్చు పెరుగుతుంది, సరిగ్గా అప్పుడే సరఫరా తగ్గుతుంది. మన కొరమీనైతే బురదగుంటలో కూడా నీటిపైకి వచ్చి గాలి మింగి బతికేస్తుంది. ట్రౌట్‌కి ఆ వీలు లేదు. నీటిలో ఉన్నదానితోనే సరిపెట్టుకోవాలి. అందుకే మండు వేసవిలో ట్రౌట్‌లన్నీ ఊట దిగే చోటుకి చేరి ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉంటాయి. వాగు పొడుగు ఆరు మైళ్ళే కావచ్చు, ఆ పూట అవి బతికేది మాత్రం కొద్ది గజాల చోటులోనే. ఆ చోటు పోతే మిగతా వాగంతా ఉన్నా లేనట్టే.

రెండోది చలికాలం. ఇక్కడి చలి మనందరికీ అనుభవమే. ఊట లేని చిన్న వాగుల్లో నీళ్ళు గడ్డకట్టే స్థాయికి చల్లబడి, మంచు పలుకులు నీటిలో తేలుతూ అడుగున రాళ్ళకి కూడా అంటుకుంటాయి. అడుగున మంచు పేరుకుంటే చేప దాగే సందులు మూసుకుపోతాయి. అది విరిగి కొట్టుకుపోయేటప్పుడు రాళ్ళనీ, వాటిని పట్టుకుని ఉన్న పురుగుల్నీ ఊడ్చుకుపోతుంది. ఊట దిగే చోట అలా జరగదు. జనవరిలో కూడా అక్కడ నీళ్ళు గడ్డకట్టకుండా పారుతుంటాయి. పొద్దున్నే పైన పొగ లేస్తూ ఉంటుంది, అచ్చం మన బావి మీద లేచినట్టే. చలికాలంలో ట్రౌట్ ఆ మడుగుల్ని వెతుక్కుంటుంది.

మూడోది గుడ్లు. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఇదే. బ్రూక్ ట్రౌట్ శరదృతువులో, అక్టోబరు, నవంబరు నెలల్లో గుడ్లు పెడుతుంది. ఆడచేప తోకతో గులకరాళ్ళని కొట్టి చిన్న గుంట చేసి, గుడ్లు పెట్టి, మళ్ళీ రాళ్ళతో కప్పేస్తుంది. ఎక్కడపడితే అక్కడ పెట్టదు. అడుగు నుంచి ఊట పైకి ఉబికే చోటు ఎంచుకుంటుంది. ఆ గుడ్లు చలికాలమంతా రాళ్ళ కిందే ఉంటాయి. పిల్ల బయటికి రావటానికి నీటి చల్లదనాన్ని బట్టి రెండు నుంచి నాలుగు నెలలు పడుతుంది. పుట్టిన తరవాత కూడా పొట్టకి అంటి ఉన్న పచ్చసొన తింటూ కొన్ని వారాలు ఆ రాళ్ళ సందుల్లోనే గడుపుతుంది. ఇంతకాలమూ ఆ సందుల్లో నీళ్ళు కదులుతూ ఉండాలి, గుడ్డుకి ప్రాణవాయువు అందించాలి, గడ్డకట్టకూడదు. ఈ పనులన్నీ చేసేది కింద నుంచి వచ్చే నీరే. ఆ ఊట ఆగిందంటే, పైన నీళ్ళు పారుతున్నట్టే కనిపిస్తాయి, కింద మాత్రం ఒక తరం చేపలు పుట్టకుండానే పోతాయి. గట్టు మీద నుంచి చూసేవాడికి ఏమీ తెలియదు.

నాలుగోది తిండి. ఏటి అడుగున రాళ్ళూ ఇసకా మధ్య, పైనీరూ నేలనీరూ కలిసే పొర ఒకటి ఉంటుంది. దీన్ని హైపోరీయిక్ జోన్ అంటారు. గ్రీకు భాషలో 'ప్రవాహం కింద' అని అర్థం. 1959లో రుమేనియా శాస్త్రవేత్త ట్రాయన్ ఒర్గిదాన్ పెట్టిన పేరు. మనం చెలమ తవ్వేది సరిగ్గా ఈ పొరలోనే. నీటిపురుగుల పిల్లలు ఎన్నో అక్కడ ఎదుగుతాయి. ట్రౌట్‌కి ఆ పురుగులే అన్నం.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. లిటిల్ ప్లోవర్ నీళ్ళు ఎటు పోయాయి?

హైవే మీద వెడుతున్నప్పుడు మీరు చూసే ఉంటారు, పొలాల మధ్య చక్రాల మీద తిరిగే పొడుగాటి ఇనప గొట్టాలు. విమానంలోంచి చూస్తే ఆకుపచ్చని పళ్ళేలు పరిచినట్టు గుండ్రటి పొలాలు. అవన్నీ బోరు నీళ్ళ మీద పండే బంగాళాదుంపలు, స్వీట్ కార్న్, బీన్సు. ఇసక నేల నీటిని పట్టి ఉంచదు కాబట్టి తడి పెట్టకపోతే అక్కడ కూరగాయలు నిలవవు. ఆ ప్రాంతంలో పెద్ద బోర్లు రెండు వేలకు పైగా ఉన్నాయి. పెద్ద బోరు అంటే విస్కాన్సిన్ చట్టం లెక్కలో నిమిషానికి 70 గేలన్లు, అంటే రోజుకి లక్ష గేలన్లు తోడగలిగిన శక్తి ఉన్నది. వీటికి తోడు ప్లోవర్ ఊరి మంచినీటి బావులు, కూరగాయల్ని శుభ్రం చేసి డబ్బాలకెత్తే ఫేక్టరీల బావులు.

ఈ బావులు వాగులో పైపు పెట్టలేదు. ఎక్కడో పొలం మధ్యన ఉన్నాయి. అయినా సంబంధం ఉంది. 1940లోనే అమెరికా ప్రభుత్వ జియలాజికల్ సర్వేలో పనిచేసిన చార్లెస్ థైస్ ఈ లెక్క తేల్చి చెప్పాడు. బావిలోంచి తీసిన ప్రతి చుక్కా ఎక్కడినుంచో రావాలి. మొదట నేలలో దాచుకున్న నిలవలోంచి వస్తుంది. నిలవ తగ్గాక, వాగులోకి పోవలసిన ఊట తగ్గిపోతుంది, లేదా వాగులోంచి నీరు నేలలోకి లాక్కోబడుతుంది. బేంకులో పొదుపు ఖాతా నుంచి తీసుకుంటూ పోతే దాని మీద వచ్చే వడ్డీతో బతికేవాడికి ఏమవుతుందో వాగుకీ అదే అవుతుంది. బావి వాగుకి దగ్గరగా ఉంటే దెబ్బ రోజుల్లో తెలుస్తుంది. దూరంగా ఉంటే నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. ఈ ఆలస్యం వల్లే తోడినవాడికీ ఎండిన వాగుకీ సంబంధం అంటగట్టటం కష్టం.

లిటిల్ ప్లోవర్ విషయంలో హెచ్చరిక లేకపోలేదు. జియలాజికల్ సర్వే వాళ్ళు ఈ వాగునే ప్రత్యేకంగా తీసుకుని చదివి 1965లో ఒక నివేదిక అచ్చు వేశారు. చుట్టూ బావులు తోడితే వాగులో నీరు తగ్గుతుందని అప్పుడే చూపించారు. నలభై ఏళ్ళ తరవాత వాగు ఎండినప్పుడు వాదం మొదలైంది. వానలు తక్కువ కాబట్టి ఎండిందని కొందరన్నారు. అందులో కొంత నిజం ఉంది, అవి వానలు తక్కువైన ఏళ్ళే. అయితే స్టీవెన్స్ పాయింట్ యూనివర్సిటీలో భూగర్భజలాలు పరిశోధించిన జార్జ్ క్రాఫ్ట్, ఆయన సహచరులు పాత లెక్కలన్నీ తీసి చూసి, కరువు ఒక్కటే ఇంత పని చెయ్యదని, బోర్ల తోడకం పెద్ద కారణమని తేల్చారు. పొలానికి కొట్టిన నీళ్ళలో కొంత మళ్ళీ నేలలోకే దిగుతుంది, అదీ లెక్క వేశారు. పైరు తాగి ఆకుల ద్వారా గాలిలోకి వదిలేసినది మాత్రం తిరిగి రాదు. వాగుకి తగ్గినది అదే.

రైతుని దొంగని చేసి చెప్పటం నా ఉద్దేశం కాదు. మనం తినే వేపుడు ముక్కల్లో ఆ బంగాళాదుంపలు ఉన్నాయి. ఆ రైతులు చట్టం ఇచ్చిన అనుమతితోనే బోర్లు వేశారు. చిక్కు ఎక్కడుందంటే, చాలాకాలం పాటు చట్టం నదిని ఒక పుస్తకంలోనూ, బావిని ఇంకో పుస్తకంలోనూ రాసింది. నేలకి ఆ తేడా తెలియదు. విస్కాన్సిన్‌లో 2004లో వచ్చిన చట్టం ట్రౌట్ వాగుకి 1,200 అడుగుల లోపల వేసే పెద్ద బోర్లని ప్రత్యేకంగా పరిశీలించాలంది. కాని 1,200 అడుగుల అవతల వేసిన బావి కూడా అదే ఇసకలోంచి తోడుతుంది కదా. 2009లో రాష్ట్ర ప్రకృతి వనరుల శాఖ లిటిల్ ప్లోవర్‌లో కనీసం ఇంత నీరు పారాలని ఒక హద్దు నిర్ణయించింది. 2011లో రాష్ట్ర సుప్రీంకోర్టు, బావి వల్ల ఏళ్ళకీ చెరువులకీ కలిగే నష్టాన్ని ఆ శాఖ పట్టించుకోవచ్చని తీర్పు ఇచ్చింది. 2016లో అటార్నీ జనరల్ ఆ అధికారం లేదని అభిప్రాయం చెప్పాడు. 2021లో సుప్రీంకోర్టు మళ్ళీ ఉందని చెప్పింది. ఈ మధ్యలో 2017లో, ఉన్న బోర్లని బాగుచేసుకోవటానికీ, కొత్తది తవ్వి మార్చుకోవటానికీ మళ్ళీ పరిశీలన అక్కర్లేదని చట్టం చేశారు. ఇలా ముందుకీ వెనక్కీ నడిచింది వ్యవహారం.

పక్కనున్న మిషిగన్ ఇంకో దారి పట్టింది. అక్కడ 2008లో చేసిన చట్టంలో కొలబద్ద చేపే. కొత్తగా పెద్ద బోరు వెయ్యాలనుకునేవాడు ముందు ఆ వివరాలు రాష్ట్రం తయారుచేసిన కంప్యూటర్ లెక్కలో పెట్టాలి. దగ్గర్లోని వాగులో ఎండాకాలపు నీరు ఎంత తగ్గుతుందో, అలా తగ్గితే అక్కడ ఉండే రకం చేపలు నిలుస్తాయో లేదో అది అంచనా కడుతుంది. చల్లటి నీటి వాగులకి ఒక హద్దు, వెచ్చటి నీటి వాగులకి ఇంకో హద్దు. హద్దు దాటేలా ఉంటే అధికారులు స్వయంగా పరిశీలించాలి. ఈ లెక్కలోనూ లోపాలున్నాయని వాదించేవారున్నారు. అయినా బావినీ చేపనీ ఒకే కాగితం మీదికి తెచ్చారు, అది చిన్న విషయం కాదు.

లిటిల్ ప్లోవర్ కథ విషాదంతో ముగిసిపోలేదు. 2016లో రాష్ట్ర జియలాజికల్ సర్వే, కేంద్ర జియలాజికల్ సర్వే కలిసి ఆ ప్రాంతపు నేలనీటికి ఒక కంప్యూటర్ నమూనా తయారుచేశాయి. ఏ బావి తోడకం ఆపితే వాగుకి ఎంత నీరు తిరిగి వస్తుందో దానిలో చూసుకోవచ్చు. తేలిందేమిటంటే, అన్ని బావులూ వాగుకి ఒకటి కావు. వాగుకి దగ్గరగా ఉన్న కొన్నింటి బరువే ఎక్కువ. ఇది తెలిశాక గొడవ పడటం తగ్గి పని చెయ్యటం మొదలైంది. ప్లోవర్ ఊరివాళ్ళు వాగుకి దగ్గరగా ఉన్న బావి మీద భారం తగ్గించారు. ఊరూ, రైతులూ, పర్యావరణ సంఘాలూ కలిసి వాగు గట్టున కొంత పొలాన్ని తిరిగి చిత్తడి నేలగా మార్చారు. పాత మురుగు కాలవలు పూడ్చారు. ఆ తరవాత బాగా వానలు పడ్డ ఏళ్ళు కూడా తోడయ్యాయి. వాగు మళ్ళీ పారుతోంది. వానలు మొహం చాటేసిన ఏడు ఈ ఏర్పాట్లు ఎంత నిలుస్తాయన్నదే అసలు పరీక్ష.

మనకి దీనితో ఏం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. రాయలసీమలోనో, తెలంగాణలోనో బోర్లు లోతుకి వెళ్ళేకొద్దీ పాత బావులూ, చెలమలూ ఎండటం మీలో చాలామంది చూశారు. అక్కడ ఎండిన చెలమకీ, ఇక్కడ ఎండిన ట్రౌట్ వాగుకీ సూత్రం ఒకటే. మన పెద్దవాళ్ళు దాన్ని బిందె ఖాళీగా రావటంలో చూశారు. ఇక్కడ చేప చూపిస్తోంది.

చెయ్యగలిగినవి కూడా ఉన్నాయి. మన ఇళ్ళలో పచ్చిక తడపటానికి వాడే నీరు చాలా ఊళ్ళలో నేలలోంచి తోడినదే. జూలై, ఆగస్టుల్లో వాగు బక్కచిక్కి ఉన్నప్పుడే మనం ఎక్కువ వాడతాం. ఆ రెండు నెలలూ పచ్చిక కాస్త పసుపెక్కితే ప్రాణం పోదు, వానకి మళ్ళీ చిగురిస్తుంది. ఇంటి కప్పు మీద పడిన వాన గొట్టం గుండా నేరుగా రోడ్డు పక్క కాలవలోకి పోకుండా, పెరట్లో చిన్న గుంట చేసి, మొక్కలు వేసి ఇంకేలా చెయ్యవచ్చు. మీ ఊరి కౌన్సిల్‌లో కొత్త బావి గురించి చర్చ వస్తే, దగ్గర్లో ఏ వాగు ఉంది, దాని ఊట మాటేమిటి అని ఒక్క ప్రశ్న అడగండి. అడిగేవాళ్ళు ఉన్నారని తెలిస్తేనే లెక్కలు వేస్తారు.

పిల్లల్ని తీసుకుని చలికాలంలో ఒకసారి ఏదైనా వాగు గట్టుకి వెళ్ళండి. అంతా గడ్డకట్టి ఉండగా ఒకచోట నీళ్ళు నల్లగా పారుతూ, పైన పొగ లేస్తూ, పక్కన పచ్చగా నీటి మొక్కలు కనిపిస్తే అక్కడ ఊట ఉన్నట్టు. నీళ్ళలోకి మాత్రం దిగనివ్వకండి. అక్టోబరు నుంచి వసంతం దాకా శుభ్రంగా కడిగినట్టున్న గులకరాళ్ళ గుంట కనిపిస్తే దాని మీద కాలు వెయ్యకూడదు. ఆ రాళ్ళ కింద గుడ్లు ఉండవచ్చు. పిల్లలకి చెలమ అంటే ఏమిటో అక్కడే నిలబడి చెప్పండి. ఆ మాటకి ఇంగ్లీషులో ఒక్క ముక్కలో సరిపోయేది నాకు ఇంతవరకు దొరకలేదు.

ఇవాళ్టికి ఇంతే. వచ్చే వారం ఇంకో విషయంతో కలుద్దాం. అందాకా సెలవు.